అక్క పిల్లల్ని ఇవ్వం అన్నారు, ఇప్పుడు ఎవరిని అడగాలి?

పేరు, ఊరు రాయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమెకు 34 ఏళ్లు. కోస్తాలోని ఒక పట్నంలో అద్దె ఇంట్లో ఉంటూ బట్టలు కుడతారు. భర్త ఆటో నడుపుతారు. వాళ్లకు ఇద్దరు పిల్లలు. మూడేళ్ల క్రితం ఆమె అక్క జబ్బు చేసి చనిపోయింది. అక్కకు పదేళ్ల పాప, ఏడేళ్ల బాబు. ఇద్దరూ పల్లెలో నాయనమ్మ దగ్గర పెరుగుతున్నారు. బావ తాగుడికి అలవాటుపడ్డాడు. సెంట్రింగ్ పనికని బెంగళూరు వెళ్లి, సంక్రాంతి తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఈమధ్య నాయనమ్మ కూడా పోయింది. పెద్దకర్మ అయ్యాక పిల్లల్ని ఎవరు ఉంచుకోవాలన్నది తేలలేదు. పాప తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పిన్ని ఇంటికని రైలెక్కింది. దిగాల్సిన స్టేషన్ దాటిపోయి పక్క జిల్లా జంక్షన్‌లో దిగింది. అక్కడ రైల్వే పోలీసులు చూసి, ఆ జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరిచారు. పాపను బాలసదనంలో, బాబును ఇంకో ఊళ్లోని బాలుర హోమ్‌లో పెట్టారు. కబురు తెలిసి ఈమె పరుగెత్తుకెళ్లి, పిల్లల్ని తనకు అప్పగించమని అర్జీ పెట్టుకున్నారు. రెండు నెలలు తిప్పించుకున్నాక ఆర్డర్ ఇచ్చారు. ‘దరఖాస్తుదారుకు సొంత ఇల్లు లేదు, ఒకే గదిలో నలుగురు ఉంటున్నారు, ఆదాయం చాలదు, తండ్రి సమ్మతి లేదు. పిల్లల శ్రేయస్సు దృష్ట్యా హోమ్‌లోనే కొనసాగించడమైనది’ అని అందులో ఉంది. అసలు కాపీ ఇంకా చేతికి రాలేదు. గుమస్తా టేబుల్ మీద ఉన్న కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు, అంతే.

తలా ఒక మాట చెబుతున్నారట. ఒక ప్లీడరు గుమస్తా 60 వేలు ఇస్తే హైకోర్టులో రిట్ వేసి రెండు రోజుల్లో పిల్లల్ని బయటికి తెప్పిస్తానన్నాడు. తెలిసిన అంగన్‌వాడీ టీచర్ కలెక్టర్ దగ్గరికి వెళ్లమంది. మరిది వీడియో తీసి యూట్యూబ్ ఛానల్ వాళ్లకిద్దామంటున్నాడు. కమిటీ మాటే ఫైనల్, ఇక చేసేదేమీ లేదని ఇంకొకరు తేల్చేశారు. భర్త మాత్రం ఏమీ అనడం లేదు, ‘మన ఇద్దరికే చాలడం లేదు కదా’ అని ఒకసారి అన్నారట. ప్రతి ఆదివారం పాప ‘పిన్నీ, బట్టలు సర్దుకోనా?’ అని అడుగుతోందని, ఏం చెప్పాలో తెలియక ఏడుపొస్తోందని రాశారు. కమిటీ మీద కోర్టుకెళ్తే కోపమొచ్చి పిల్లల్ని చూడనివ్వరేమోనన్న భయం కూడా ఉంది.

అమ్మా,

మీ ఉత్తరం చూడగానే అచ్చయ్యేదాకా ఆగకుండా ఒక విషయం మీకు ఈమెయిల్‌లో పంపించాం. దాన్నే ఇక్కడా ముందు చెబుతున్నాను. ఈ ఆర్డర్ మీద అప్పీల్ ఉంది. గడువు ఆర్డర్ తేదీ నుంచి 30 రోజులు. మీరు రాసేనాటికే మూడో వారం నడుస్తోంది. మిగతా సంగతులు నిదానంగా ఆలోచించుకోవచ్చు, ఈ తేదీని మాత్రం వదలకండి.

‘కమిటీ మాటే ఫైనల్’ అన్నవాళ్లు ఆ అభిప్రాయానికి ఎందుకు వచ్చారో ఊహించగలను. బాలల సంక్షేమ కమిటీ మామూలు ఆఫీసు లాంటిది కాదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు కలిసి బెంచిగా కూర్చుంటారు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలు వాళ్లకున్నాయి. అందుకే ఎమ్మెల్యే ఫోన్ చేసినా, పెద్దమనుషులు వెళ్లి అడిగినా ఆర్డర్ మారదు, మారకూడదు కూడా. కానీ మేజిస్ట్రేటు ఆర్డర్ మీద పై కోర్టు ఉన్నట్టే దీని మీదా ఉంది. ఎక్కడికి వెళ్లాలన్నది మీ బాధ ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి తేలదు. మీరు సరిగ్గా ఏం అడుగుతున్నారు, దాన్ని వినే అధికారం చట్టం ఎవరికిచ్చింది అన్నదాన్ని బట్టి తేలుతుంది. మీకు సలహా ఇచ్చినవాళ్లలో ఎక్కువమందికి అధికారం ఉన్న పేర్లే తెలుసు. ఆ అధికారం దేని మీదో తెలియక పొరబడ్డారు.

ముందు ఆ ఫొటోను మళ్లీ ఒకసారి తెరిచి, పెద్దది చేసి చూడండి. మొదట అడుగున ఉన్న సంతకాలు. మీరు పంపిన కాపీలో నాకు రెండే కనిపించాయి. కమిటీలో ఒకరిద్దరు రాకపోయినంత మాత్రాన ఆర్డర్ చెల్లకుండా పోదు. అయితే కేసును ముగిస్తూ తుది నిర్ణయం తీసుకునేటప్పుడు కనీసం ముగ్గురు సభ్యులు హాజరై ఉండాలని సెక్షన్ 28 చెబుతోంది. ఫొటోలో పడని మూడో సంతకం ఉండొచ్చు. లేదా వాళ్లు దీన్ని తుది ఆర్డర్ అనుకోకపోవచ్చు. రెండింటిలో ఏదన్నది అసలు కాపీ చూస్తేనే తెలుస్తుంది.

తర్వాత, ఆ ఆర్డర్ దేని ఆధారంగా రాశారో చూడండి. ఇలాంటి కేసుల్లో సామాజిక పరిశోధన నివేదిక, అంటే ఒకరిని పంపి ఇల్లు, కుటుంబ పరిస్థితులు కనుక్కుని రాయించేది ఒకటి తెప్పిస్తారు. దాన్ని 15 రోజుల్లో పూర్తి చేయాలి, మొత్తం విచారణను నాలుగు నెలల్లో ముగించాలి. మీ ఇంటికి వచ్చినాయన సంగతి మీరే రాశారు. ఆ వేళకు మీరు ఫాల్స్, లైనింగ్ గుడ్డ కోసం బజారుకెళ్లారు. ఆయన గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. మంచం, దాని పక్కన కుట్టుమిషను, గోడకు ఆనించిన చాపలు కనిపించాయి. పక్కింటావిడను ‘ఎంతమంది ఉంటారు, అద్దె ఎంత’ అని అడిగి వెళ్లిపోయాడు. మీతో మాట్లాడలేదు, మీ ఆయనతో మాట్లాడలేదు, మీ పిల్లలు చదివే బడికి వెళ్లలేదు. ‘ఒకే గదిలో నలుగురు’ అన్న మాట ఆ గుమ్మంలోంచి కనిపించిన దృశ్యమే. అది అబద్ధం కాదు. కానీ ఇద్దరు పిల్లలు ఎక్కడ పెరగాలో తేల్చడానికి ఆ ఒక్క చూపు చాలదు. మీ అప్పీల్‌లో బలమైన అంశం ఇదేనని నా అభిప్రాయం.

ఇంకో కాగితం కూడా ఉంది, దాని గురించి మీకెవరూ చెప్పి ఉండరు. పిల్లల్ని మొదటిరోజు కమిటీ ముందుకు తెచ్చినప్పుడు వాళ్లు చెప్పింది రాసుకుంటారు. పాప బయల్దేరింది మీ ఇంటికే. ఆ మాట ఆ రోజు చెప్పి ఉంటే ఫైల్లో ఉంటుంది. ఆర్డర్‌లో దాని ప్రస్తావనే లేదు. పిల్లలకు సంబంధించిన నిర్ణయంలో వాళ్ల వయసుకు తగినట్టు వాళ్ల మాట వినాలన్నది ఈ చట్టం సెక్షన్ 3లో రాసుకున్న మూలసూత్రాల్లో ఒకటి. సంస్థల్లో ఉంచడం ఆఖరి మార్గంగానే ఉండాలన్నది మరొకటి. పదేళ్ల పాప తమ్ముడి చెయ్యి పట్టుకుని ఎవరి దగ్గరికి రావాలనుకుందో ఆర్డర్ రాసినవాళ్లు పట్టించుకోలేదంటే అది చిన్న లోపం కాదు.

ఇక దారుల సంగతి.

మొదటిది, అదే కమిటీని మళ్లీ అడగడం. తను ఇచ్చిన ఆర్డర్‌ను కమిటీ తనే సవరించుకోవచ్చని సెక్షన్ 104 చెబుతోంది. పిల్లల్ని ఏ సంస్థలో ఉంచాలి, ఎవరి సంరక్షణలో పెట్టాలి అన్న విషయాల్లో ఈ అధికారం ఉంది. దరఖాస్తు పెడితే కనీసం ముగ్గురు సభ్యులు కూర్చుని, సంబంధం ఉన్న అందరి మాటా వినాలి. ఖర్చు తక్కువ, గొడవ తక్కువ. మీరు రెండు గదుల ఇంటికి మారినా, మీ ఆయన స్వయంగా వచ్చి ఒప్పుకుంటున్నానని చెప్పినా, బావ జాడ తెలిసినా, అలా కొత్త విషయం ఏదైనా ఉంటే ఇది మంచి దారి. చూపించడానికి కొత్తదేమీ లేకపోతే వాళ్లు పాత జవాబే చెప్పే అవకాశం ఎక్కువ. పైగా ఈ దరఖాస్తు పెట్టినంత మాత్రాన 30 రోజుల గడువు ఆగదు. ‘చూస్తాం, వచ్చే వారం రండి’ అంటుంటే తిరుగుతూ అప్పీల్ గడువు దాటిపోయినవాళ్లు ఉంటారు. మీరు అలా కావద్దు.

రెండోది అప్పీల్. సెక్షన్ 101 కింద చిల్డ్రన్స్ కోర్టుకు వెళ్లాలి. జిల్లాలో దీనికోసం గుర్తించిన సెషన్స్ స్థాయి కోర్టు ఉంటుంది, చాలాచోట్ల పోక్సో కేసులు విచారించే ప్రత్యేక కోర్టే ఆ పని చూస్తుంది. ఏ జిల్లా కోర్టు అని మీరు అడిగారు. ఆర్డర్ ఇచ్చిన కమిటీ ఉన్న జిల్లాలోని కోర్టుకే వెళ్లాలి, మీరు కాపురం ఉండే జిల్లాలో వేస్తే అది తీసుకోదు. ఆ కోర్టు కమిటీ ఫైలు తెప్పించుకుని చూస్తుంది. ఆర్డర్ సరైనదేననవచ్చు, రద్దు చేయవచ్చు, ఇంటి విచారణ మళ్లీ సరిగ్గా చేయించి కొత్తగా తేల్చమని కమిటీకే తిప్పి పంపవచ్చు. మీ కేసులో మూడోదానికే ఎక్కువ అవకాశం కనిపిస్తోంది. అంటే అప్పీల్ గెలిచిన మర్నాడే పిల్లలు మీ ఇంటికి వచ్చేస్తారనుకోకండి. కమిటీ ముందు మళ్లీ నిలబడాల్సి రావచ్చు. అయితే ఈసారి కోర్టు రాసిన మాట మీ చేతిలో ఉంటుంది. గడువు దాటితే సరైన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని కోరవచ్చు. కాపీ ఇవ్వకుండా తిప్పడం అలాంటి కారణమే, కానీ దాన్ని నిరూపించే కాగితం ఉండాలి. ఇంకోమాట, చిల్డ్రన్స్ కోర్టు తీర్పు మీద రెండో అప్పీల్ లేదు. కాబట్టి మీ వాదన మొత్తం ఇక్కడే పెట్టాలి, కొంత దాచుకుని తర్వాత చూద్దాం అనుకోకూడదు.

మూడోది హైకోర్టు. కమిటీ ఇచ్చిన ఆర్డరైనా, చిల్డ్రన్స్ కోర్టు ఇచ్చినదైనా, చట్టబద్ధంగా, సబబుగా ఉందో లేదో ఫైలు తెప్పించుకుని చూసే రివిజన్ అధికారం సెక్షన్ 102 కింద హైకోర్టుకు ఉంది. ప్లీడరు గుమస్తా చెప్పింది ఇది కాదు. ఆయన హెబియస్ కార్పస్ గురించి చెబుతున్నట్టున్నాడు. మనిషిని చట్టవిరుద్ధంగా నిర్బంధించినప్పుడు వేసే రిట్ అది. పిల్లలు అధికారం ఉన్న కమిటీ ఆర్డర్ మీద హోమ్‌లో ఉన్నారు. అప్పీల్ దారి ఉండగా ఇక్కడికెందుకొచ్చారని న్యాయమూర్తి మొదటే అడుగుతారు. రెండు రోజుల్లో పిల్లలు బయటికొస్తారని మాట ఇచ్చేవాళ్లకు 60 వేలు కాదు కదా, 60 రూపాయలు కూడా ఇవ్వకండి. అంత డబ్బు మీ దగ్గర ఉంటే పెద్ద ఇంటికి అడ్వాన్సుగా పనికొస్తుంది, కమిటీ వేలెత్తి చూపింది దాన్నే కదా.

కలెక్టర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అంగన్‌వాడీ టీచర్ చెప్పింది పూర్తిగా తప్పు కాదు, అందుకే మీరు తికమకపడ్డారు. ఈ చట్టంలో కలెక్టర్‌కు వేర్వేరు పాత్రలున్నాయి. ఫోస్టర్ కేర్ (పిల్లల్ని కొంతకాలం వేరే కుటుంబంలో ఉంచి పెంచడం), స్పాన్సర్‌షిప్ (పిల్లల పెంపకానికి ఇచ్చే డబ్బు సాయం) విషయాల్లో కమిటీ తీసుకున్న నిర్ణయాల మీద అప్పీల్ కలెక్టర్‌కే వెళ్తుంది. మీది అలాంటి నిర్ణయం కాదు, కాబట్టి ఆ దారి మీకు వర్తించదు. ఇక కమిటీ పనితీరు మీద ఫిర్యాదులు వినే అధికారి కూడా కలెక్టరే. చెప్పిన రోజు బెంచి కూర్చోకపోవడం, కాపీ ఇవ్వకపోవడం, దురుసుగా మాట్లాడటం, డబ్బు అడగడం లాంటివి ఇందులోకి వస్తాయి. పిల్లల్ని ఎవరికివ్వాలన్న నిర్ణయం తప్పా ఒప్పా అన్నది ఆ ఫిర్యాదులో తేలదు. మీకు కాపీ కోసం కలెక్టర్ పనికొస్తారు. కమిటీ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. రెండు మూడు రోజుల్లో ఇవ్వకపోతే ఆ స్టాంపు కాగితాన్ని జతచేసి ఆ జిల్లాలో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి. గడువు దాటాల్సి వస్తే కోర్టుకు చూపడానికీ ఆ రెండు కాగితాలే ఆధారం. కాపీ రాకపోయినా, ఉన్న ఫొటో ప్రింటుతోనే అప్పీల్ వేసి, అసలు కాపీ తర్వాత దాఖలు చేస్తామని పిటిషన్ పెట్టమని లాయరుకు చెప్పండి.

బాలల హక్కుల కమిషన్‌కు రాయొచ్చా అని కూడా అడిగారు. రాయొచ్చు. విచారణ చేసి సిఫార్సు చేస్తుంది, ఆర్డర్‌ను కొట్టేయలేదు. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 కింద సంరక్షకురాలిగా నియమించమని కోర్టును కోరడం పూర్తిగా వేరే కేసు. అది కమిటీ ఆర్డర్‌ను సమీక్షించదు, తొందరగా తేలదు కూడా. పిల్లలు మీ దగ్గరికి వచ్చి స్థిరపడ్డాక బ్యాంకు ఖాతా, ఆస్తి లాంటివాటికి అవసరమైతే అప్పుడు ఆలోచిద్దాం.

వీటిలో ఏది చేయాలన్నది మీ నిర్ణయమే. నా మొగ్గు అడిగితే, గడువులోపే అప్పీల్ వేయడం వైపే ఉంది. నష్టం లేదని అనను. అప్పీల్ నడుస్తుండగా కమిటీ మీ మరో దరఖాస్తును ‘కోర్టులో ఉంది కదా’ అని పక్కన పెట్టేయొచ్చు. సెక్షన్ 104 దారి అప్పటికి మూసుకుపోయినట్టే. మీ ఆయన ఈ వారంలోనే కమిటీ ముందుకు వచ్చి గట్టిగా మాట్లాడగలిగితే, ఇంటి విషయంలో చూపించడానికి కొత్తగా ఏదైనా ఉంటే, ముందు కమిటీకి వెళ్లి, గడువుకు నాలుగైదు రోజుల ముందు దాకా చూసి, అప్పటికీ కదలిక లేకపోతే అప్పీల్ వేయడం కూడా తెలివైన పనే. ఆ నాలుగైదు రోజులు ఖాళీగా ఉండాలంటే లాయరు ఇప్పుడే ఉండాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్‌లో అడగాలంటే 15100.

మీరు అడగాల్సింది ఇంకొకటి ఉంది, అది ఈ గొడవలో ఎవరికీ తట్టినట్టు లేదు. పిల్లలది ఆ జిల్లా కాదు. దారితప్పి దిగారు కాబట్టి ఆ కమిటీ ముందుకు వచ్చారు. పిల్లలు వేరే జిల్లావాళ్లని విచారణలో తేలితే, వాళ్ల మేలు కోసం అవసరమనుకుంటే, సొంత జిల్లా కమిటీతో సంప్రదించి కేసును, పిల్లల్ని అక్కడికి బదిలీ చేయాలని సెక్షన్ 95 చెబుతోంది. పల్లె, మీ పట్నం ఒకే జిల్లాలో ఉన్నాయని రాశారు కదా. బదిలీ అయితే మీ ఇంటిని చూడటానికి వచ్చేవాళ్లు మీ ఊరి పక్కవాళ్లే. పిల్లల్ని చూడటానికి ప్రతి ఆదివారం రెండు ఊళ్లు తిరిగే బాధ కూడా తగ్గుతుంది. అప్పీల్‌లోనూ దీన్ని ఒక కోరికగా పెట్టించండి. అక్కాతమ్ముళ్లను రెండు ఊళ్లలో పెట్టారన్న విషయం కూడా రాయించండి. పిల్లల్ని ఇవ్వకపోయినా, కనీసం ఇద్దరూ ఒకరికొకరు దగ్గరగా ఉండేలా చూడమని అడగడం న్యాయమైన కోరిక.

ఆదాయం చాలదన్న మాటకు జవాబు ప్రభుత్వ పథకంలోనే ఉంది. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్‌గా పిల్లకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు, బంధువుల దగ్గర పెరిగే అనాథ పిల్లలు కూడా దాని పరిధిలోకి వస్తారు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్నాల్లో 96,000 దాటకూడదు. మీ అక్క పిల్లలకు తండ్రి ఉన్నాడు కాబట్టి నేరుగా వర్తిస్తుందో లేదో జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి. కానీ వాదన మాత్రం మీకు పనికొస్తుంది. మీ కుట్టుపని, మీ ఆయన ఆటో కలిపితే పరిమితి దాటుతున్నారా? దాటితే, సాయం అక్కర్లేనంత ఆదాయం ఉందని ప్రభుత్వమే లెక్కేసినట్టు. దాటకపోతే, ఆ లోటు పూడ్చడానికే ఆ పథకం పెట్టింది. ఎటు చూసినా, ఆదాయం చాలదన్న ఒక్క కారణంతో పిల్లల్ని హోమ్‌లో ఉంచడం సబబు కాదు. అద్దె ఇల్లన్నదీ అంతే. మన పట్నాల్లో సగానికి సగం మంది పిల్లలు అద్దె ఇళ్లలోనే పెరుగుతున్నారనిపిస్తుంది నాకు.

కోర్టులో మాట్లాడేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ‘నా అక్క పిల్లలు, నాకు హక్కుంది’ అన్న మాట మీ నోట మొదట రాకూడదు. మీ ప్రేమను ఎవరూ శంకించరు. కానీ ఆ బెంచికి చట్టం అప్పగించిన పని పిల్లలకు ఏది మేలో చూడటం. రోజూ పొద్దున ఎవరు లేపుతారు, ఏ బడిలో చేరుస్తారు, బాబుకు జ్వరమొస్తే ఎవరు ఇంట్లో ఉంటారు, పాప ఎక్కడ పడుకుంటుంది. వీటికి మీ దగ్గర జవాబులుండాలి. మీ ఊరి బడి హెడ్‌మాస్టరు దగ్గర చేర్చుకుంటామని ఒక ఉత్తరం తీసుకోండి. మీరూ, మీ అక్కా ఒకే రేషన్ కార్డులో ఉన్న పాత కాపీ ఉంటే వెతకండి, బంధుత్వం నిరూపించడానికి అది బాగా పనికొస్తుంది. అక్క మరణ ధ్రువపత్రం, నాయనమ్మది కూడా.

ఇప్పుడు మీ ఆయన సంగతి. నాలుగు పేజీల్లో ఆయన గురించి రెండే వాక్యాలు రాశారు, నాకు వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగాలనిపించింది. ఆయన మాట స్వార్థం అనుకోవద్దు. ఆటో నడిపే మనిషి రాత్రి పడుకునేముందు లెక్క వేసుకుంటాడు, ఆ లెక్కలోంచి వచ్చిన మాట అది. ఇద్దరు కాస్తా నలుగురయితే ఏమవుతుందో ఆయనకు కళ్ల ముందు కనబడుతోంది. కోర్టులో ఆయన సంతకం కావాలి కాబట్టి ఒప్పించడం వేరు, ఆ పిల్లలు ఇంట్లో మనసారా ఉండాలి కాబట్టి ఒప్పించడం వేరు. మొదటిదానికే పరిమితమైతే విచారణకు వచ్చినవాళ్లు ఆయన్ను ఒంటరిగా అడిగిన మొదటి ప్రశ్నకే తేలిపోతుంది. తర్వాత ఏదో ఒకరోజు పాప ముందు ఆ మాట బయటికొస్తే, ఒకసారి ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిన పిల్ల మళ్లీ అదే అనుభవిస్తుంది. ఒకరోజు ఆయన్ను కూడా ఆదివారం బాలసదనానికి తీసుకెళ్లండి. అప్పులు, అద్దె, బడి ఫీజులు అన్నీ కాగితం మీద రాసి ఇద్దరూ కలిసి చూడండి. మీ పిల్లల్నీ అడగండి, పన్నెండేళ్ల అబ్బాయికి చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటుంది.

అన్నీ మాట్లాడాక, ఇప్పుడు మా వల్ల కాదు అని మీరిద్దరూ అనుకుంటే అది పిల్లల్ని వదిలేయడం కాదు. మీరు ఇప్పుడు చేస్తున్నది కూడా చిన్నది కాదు. ప్రతి ఆదివారం వెళ్లడం మానకండి. పరీక్షలు, బంధువుల పెళ్లిళ్లు లాంటి సందర్భాల్లో పిల్లల్ని మామూలుగా ఒక్కోసారి ఏడు రోజుల దాకా సెలవు మీద బయటికి పంపే వీలు చట్టంలో ఉంది. మీ ఇంట్లో శుభకార్యం ఉంటే కమిటీని రాతపూర్వకంగా అడగండి. బదిలీ, ఇద్దర్నీ దగ్గరగా ఉంచడం, ఇవి పిల్లల్ని ఇంటికి తెచ్చుకోకపోయినా అడగదగ్గవే. హోమ్‌లో ఉన్న పిల్లల పరిస్థితిని కమిటీ ఎప్పటికప్పుడు సమీక్షించాలి. ఏడాది తర్వాత మీకు కుదిరితే అప్పుడు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ పేరు ఫైల్లో ఉండటం చాలా ముఖ్యం. ఎవరూ ముందుకు రాని పిల్లల విషయంలో దత్తతకు అర్హులని ప్రకటించే ప్రక్రియ మొదలవుతుంది. అడిగే బంధువు ఉన్నారని, క్రమం తప్పకుండా వస్తున్నారని ఫైల్లో ఉంటే ఆ ప్రక్రియ అంత తేలిగ్గా కదలదు.

పాపకు ఏం చెప్పాలని అడిగారు. తేదీ చెప్పకండి. ‘బట్టలు ఇప్పుడే సర్దొద్దు, నీ కోసం పెద్దవాళ్లతో మాట్లాడుతున్నాను, ఏం జరిగినా ఆదివారం వస్తాను’ అని చెప్పండి, అన్నమాట ప్రకారం వెళ్లండి. కమిటీ వాళ్లు చెడ్డవాళ్లని ఆ పిల్ల ముందు అనకండి. కోర్టులో ఇలా చెప్పు, అలా చెప్పు అని నేర్పించకండి. జడ్జిగారు అడిగితే ఆ పిల్ల తనకు తోచింది చెబుతుంది. నేర్పించిన మాట అని తెలిస్తే మీ మీద నమ్మకం పోతుంది.

కోపం పెట్టుకుని పిల్లల్ని చూడనివ్వరేమోనని భయపడకండి. అప్పీల్ అంటే ఎవరి మీదా ఫిర్యాదు చేయడం కాదు, ఆ ఆర్డర్‌తో పాటు చట్టం మీకు ఇచ్చిన అవకాశం అది. అప్పీల్ వేసినా కమిటీ వాళ్లతో, హోమ్ వార్డెన్‌తో ఎప్పటిలాగే మర్యాదగా ఉండండి. ఎవరైనా చూడనివ్వకపోతే ఆ తేదీ రాసి పెట్టుకోండి, అది కలెక్టర్ వినాల్సిన విషయం, అప్పీల్ కోర్టు కూడా వింటుంది. మరిది చెప్పిన వీడియో మాత్రం వద్దేవద్దు. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి, ఊరు, వాళ్లెవరో తెలిసే ఏ వివరమైనా బయటపెడితే సెక్షన్ 74 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాప ఏడుస్తున్న ముఖం ఊరంతా చూసిందంటే, రేపు ఆ పిల్ల ఏ బడికెళ్లినా అది వెంటాడుతుంది. మీ ఉత్తరంలో వివరాలు కొన్ని మేం కూడా మార్చింది ఇందుకే.

చివరిగా మీ బావ. తండ్రి సమ్మతి లేదన్న మాట ఆర్డర్‌లో ఉంది కానీ, ఆయన కోసం ఎవరు ఎక్కడ వెతికారో అందులో లేదు. ఆయన చివరిసారి వాడిన ఫోన్ నంబర్, తీసుకెళ్లిన మేస్త్రీ పేరు, బెంగళూరులో పని జరిగిన ప్రాంతం మీకు తెలిసినంతవరకు రాసి కమిటీకి ఇవ్వండి, ఒక కాపీ లాయరుకు ఇవ్వండి. ఆయన దొరికి, పిల్లలు పిన్ని దగ్గర ఉంటే నాకు అభ్యంతరం లేదని రాసిచ్చినా, కమిటీ ముందు చెప్పినా సగం అడ్డంకి తొలగిపోతుంది. ఆయనే వచ్చి నా పిల్లల్ని నాకివ్వండి అంటే, తండ్రి కాబట్టి కమిటీ ఆయన మాట వినక తప్పదు. అప్పుడు కూడా మీరు పక్కకు తప్పుకోవాల్సిన పని లేదు. తాగుడు, పిల్లల్ని వదిలేసి వెళ్లడం గురించి మీకు తెలిసింది చెప్పండి. తండ్రికే ఇవ్వాలనుకుంటే అధికారి పర్యవేక్షణలో ఇవ్వమని, ఎప్పటికప్పుడు ఇంటికి వెళ్లి చూడమని కోరండి. పిల్లల్ని కుటుంబానికి అప్పగించేటప్పుడు అలాంటి షరతు పెట్టే అధికారం కమిటీకి ఉంది.